లూపస్ ఉన్న పిల్లల్లో కిడ్నీ జబ్బు: రక్తపరీక్షలో ఏ అంకె ఏం చెబుతుంది?

పదకొండేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. రెండు నెలలుగా కీళ్ల నొప్పులు, వస్తూ పోతూ ఉండే జ్వరం. ఎండలోకి వెళ్తే చాలు, బుగ్గలు ఎర్రగా కందిపోతాయి. డాక్టర్ పరీక్షలు రాశారు, లూపస్ అని తేలింది. కిడ్నీల సంగతి కూడా చూద్దామని క్రియాటినిన్ పరీక్ష చేయించారు. రిపోర్టులో 0.9 అని వచ్చింది. పక్కనే ల్యాబ్ వాళ్లు వేసిన నార్మల్ హద్దు 0.6 నుంచి 1.2. ఇంట్లో వాళ్లు హమ్మయ్య అనుకున్నారు. కిడ్నీలు బాగానే ఉన్నాయి కదా అని.

కానీ ఆ హద్దు పెద్దవాళ్లది. పాప ఎత్తు 130 సెంటీమీటర్లు. ఆ ఎత్తున్న పిల్లకు క్రియాటినిన్ 0.9 ఉందంటే కిడ్నీలు వాటి సామర్థ్యంలో దాదాపు సగమే పనిచేస్తున్నాయని అర్థం.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. అయినా ఇలాంటి పొరపాటు ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. లూపస్ ఉన్న పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక దశలో కిడ్నీల మీద దాని ప్రభావం పడుతుంది. అది కూడా చాలాసార్లు నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా మొదలవుతుంది. పిల్ల బడికి వెళ్తుంది, ఆడుకుంటుంది, అన్నం తింటుంది. లోపల జరిగేది ముందుగా బయటపడేది పరీక్షల్లోనే. అందుకే రిపోర్టులోని అంకెల గురించి తల్లిదండ్రులకు కొంతైనా తెలిసి ఉండాలి.

అసలు కిడ్నీకి ఏమవుతుంది?

రోగనిరోధక వ్యవస్థ పని బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడటం. లూపస్‌లో అది దారి తప్పుతుంది. సొంత కణాల్లోని పదార్థాల మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఆ యాంటీబాడీలు రక్తంలోని పదార్థాలతో అతుక్కుని చిన్న చిన్న ముద్దలుగా తయారవుతాయి. కిడ్నీలు రోజంతా రక్తాన్ని వడపోస్తూనే ఉంటాయి కాబట్టి అవి అక్కడి సన్నని జల్లెడల్లో చిక్కుకుంటాయి. కొన్ని యాంటీబాడీలు నేరుగా ఆ జల్లెడలకే అతుక్కుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. జల్లెడ చిల్లులు పడి, రక్తంలో ఉండాల్సిన ప్రోటీను, ఎర్రకణాలు మూత్రంలోకి జారిపోతాయి. దీన్నే లూపస్ నెఫ్రైటిస్ అంటారు.

మొత్తం లూపస్ రోగుల్లో 18 ఏళ్ల లోపు జబ్బు మొదలయ్యేవారు ఐదో వంతు కంటే కొంచెం తక్కువ ఉంటారు. ఎక్కువ మంది ఆడపిల్లలే, అయితే మగపిల్లలకు రాదనుకోవడం పొరపాటు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో జబ్బు కాస్త తీవ్రంగా ఉంటుంది, కిడ్నీల మీదికి వెళ్లడం కూడా ఎక్కువే. ఇది అంటువ్యాధి కాదు. తోబుట్టువులు కలిసి తిన్నా, కలిసి పడుకున్నా అంటదు.

క్రియాటినిన్: ఎత్తు తెలియకుండా చదవకూడని అంకె

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. అవి సరిగ్గా పంపలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. లెక్క ఇంతే. అయితే పిల్లలకు కండరం తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే తయారవుతుంది. అందువల్ల పెద్దవాళ్లకు నార్మల్ అయిన అంకె పిల్లలకు ప్రమాద సూచన కావచ్చు.

దీనికి పిల్లల కిడ్నీ డాక్టర్లు ఒక చిన్న లెక్క వాడతారు. దాని పేరు ష్వార్ట్జ్ సూత్రం. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2009లో వచ్చింది. పిల్ల ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌తో భాగించాలి. వచ్చేది కిడ్నీల వడపోత వేగం అంచనా. దీన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు.

పైన చెప్పిన పాప విషయమే చూద్దాం. ఎత్తు 130. 0.413తో గుణిస్తే 53.7 వస్తుంది. క్రియాటినిన్ 0.5 ఉంటే ఈజీఎఫ్ఆర్ 107. ఇది బాగున్నట్టే. అదే క్రియాటినిన్ 0.9 ఉంటే ఈజీఎఫ్ఆర్ 60 దగ్గరికి పడిపోతుంది. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఇది సాధారణంగా 90కి పైన ఉండాలి. 60 కంటే తక్కువ ఉండి, మూడు నెలలకు మించి అలాగే కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ల్యాబ్ కాగితం మీద మాత్రం 0.9 నార్మల్ గడిలోనే కనిపిస్తుంది. తేడా మాత్రం ఇంత ఉంది.

క్రియాటినిన్‌కు ఇంకో లోపం కూడా ఉంది. ఇది ఆలస్యంగా మేలుకునే పరీక్ష. కిడ్నీలు చాలావరకు దెబ్బతినేదాకా ఇది పెద్దగా పెరగకపోవచ్చు, ఎందుకంటే బాగున్న జల్లెడలు మిగతావాటి పని కూడా మోస్తాయి. అంటే క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నా నెఫ్రైటిస్ ఉండొచ్చు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

సిస్టాటిన్ సి అనే మరో పరీక్ష ఉంది. ఇది కండరాల మీద అంతగా ఆధారపడదు. బక్కచిక్కిన పిల్లల్లో ఉపయోగపడుతుంది. కాకపోతే స్టెరాయిడ్లు వాడుతుంటే ఇది కూడా కొంచెం పెరిగి కనిపిస్తుంది. ఆ సంగతి డాక్టర్ లెక్కలోకి తీసుకుంటారు.

సీ3, సీ4: తగ్గితే కంగారు

చాలా పరీక్షల్లో అంకె పెరిగితే భయపడతాం. ఇక్కడ తగ్గితే జాగ్రత్తపడాలి. సీ3, సీ4 అనేవి రక్తంలో ఉండే కాంప్లిమెంట్ ప్రోటీన్లు. యాంటీబాడీల ముద్దలు ఎక్కడ చిక్కుకుంటే అక్కడికి వెళ్లి ఇవి ఖర్చయిపోతాయి. లోపల పోరాటం ఎంత జోరుగా ఉంటే రక్తంలో ఇవి అంత తగ్గుతాయి. సాధారణంగా సీ3 90 నుంచి 180 మధ్య, సీ4 10 నుంచి 40 మధ్య ఉంటాయి. ఇవి డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పే అంకెలు. ల్యాబ్‌ను బట్టి హద్దులు కొంచెం మారతాయి.

లూపస్ కిడ్నీల మీద విరుచుకుపడినప్పుడు తరచూ రెండూ తగ్గుతాయి. గొంతు నొప్పి లేదా చర్మం మీద పుండ్ల తర్వాత పిల్లలకు వచ్చే మరో కిడ్నీ వాపు కూడా ఉంది. అందులో ఎక్కువగా సీ3 మాత్రమే తగ్గుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ మామూలుకు వస్తుంది. మూత్రం ఎర్రగా వచ్చిన పిల్లలో సీ3 తగ్గి, రెండు మూడు నెలలైనా కోలుకోకపోతే డాక్టర్లు లూపస్ వంటి ఇతర కారణాల కోసం వెతికేది అందుకే.

కొందరికి పుట్టుకతోనే సీ4 తక్కువగా ఉంటుంది. వాళ్లలో జబ్బు అదుపులో ఉన్నా ఆ అంకె పెరగదు. అందుకే ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పలేం. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అని చూడాలి.

యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ: ముందే వచ్చే హెచ్చరిక

ఇది కణంలోని డీఎన్‌ఏ మీద తయారయ్యే యాంటీబాడీ. లూపస్‌లో, అందులోనూ కిడ్నీలు దెబ్బతింటున్న లూపస్‌లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో జబ్బు తిరగబెట్టే ముందు ఈ అంకె పెరుగుతుంది, దాంతోపాటు సీ3, సీ4 తగ్గుతాయి. ఒకటి ఎక్కడం, రెండు దిగడం. ఈ జంట మార్పు కనిపిస్తే డాక్టర్లు వెంటనే మూత్రపరీక్ష కూడా అడుగుతారు.

అయితే కొందరు పిల్లల్లో ఈ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండి, జబ్బు మాత్రం నిద్రపోతూ ఉంటుంది. అలాంటప్పుడు అంకెను చూసి మాత్రమే మందు పెంచరు. పిల్లను తరచుగా చూస్తూ ఉంటారు. ఇంకో సంగతి, ఈ పరీక్షను ఒక్కో ల్యాబ్ ఒక్కో పద్ధతిలో చేస్తుంది. ఒక చోట 80, ఇంకో చోట 200 వస్తే జబ్బు పెరిగిందని కాదు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది.

ఏఎన్‌ఏ పరీక్ష సంగతి వేరు. అది జబ్బును గుర్తించేందుకు పనికొస్తుంది, కానీ జబ్బు ఎక్కువైందా తగ్గిందా చెప్పదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. లూపస్ ఖాయమయ్యాక దాన్ని నెల నెలా చేయించడం వల్ల సాధారణంగా ఒరిగేదేమీ లేదు. ఆ డబ్బు సీ3, సీ4, మూత్రపరీక్షలకు పెట్టడం మేలు.

మిగతా అంకెలు

రక్తంలో అల్బుమిన్ తగ్గిందంటే ప్రోటీను మూత్రంలోకి పోతోందేమో చూడాలి. బాగా తగ్గితే పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు కనిపిస్తాయి. అదే సమయంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పిల్ల నూనె ఎక్కువ తినడం వల్ల కాదు, ప్రోటీను పోవడం వల్ల.

హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లూపస్ వల్ల తగ్గొచ్చు. జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా తెల్లకణాలు తగ్గుతాయి. ఏది దేనివల్లో తేల్చాల్సింది డాక్టరే.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ రెండూ వాపును చూపే పరీక్షలే అయినా లూపస్‌లో వేరువేరుగా నడుస్తాయి. జబ్బు తిరగబెట్టినప్పుడు చాలాసార్లు ఈఎస్ఆర్ పెరుగుతుంది, సీఆర్‌పీ పెద్దగా కదలదు. జ్వరంతో ఉన్న పిల్లలో సీఆర్‌పీ బాగా ఎక్కువ ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని ముందు అనుమానించాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్న పిల్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి రెండు రోజులు చూద్దామనుకోకూడదు.

యూరియా కూడా కిడ్నీ పరీక్షే. అయితే స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది ఒక్కటే పెరగొచ్చు. దాన్ని క్రియాటినిన్‌తో కలిపి చదవాలి.

ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు అనే ఇంకో రకం కూడా డాక్టర్లు చూస్తారు. అవి ఉంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కిడ్నీలోని సన్నని రక్తనాళాల్లో కూడా గడ్డలు ఏర్పడొచ్చు.

రక్తం ఒక్కటే చాలదు

ఇంతా చెప్పుకున్నాక ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. నెఫ్రైటిస్‌ను మొదట పట్టుకునేది ఎక్కువగా మూత్రపరీక్షే. అది చౌక కూడా. మూత్రంలో ప్రోటీనుకు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తి చూస్తారు. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఇది 0.2 లోపు ఉండాలి. లూపస్ ఉన్న పిల్లలో 0.5 దాటి, మళ్లీ చేసినా అలాగే వస్తే బయాప్సీ గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వడం మేలు. కొందరు పిల్లల్లో పగలంతా నిలబడి తిరగడం వల్ల కూడా కొంచెం ప్రోటీను పోతుంది, అది జబ్బు కాదు. నెలసరి రోజుల్లో మూత్రపరీక్ష చేయిస్తే రక్తం ఉన్నట్టు తప్పుగా వస్తుంది. ఈ మాట చెప్పడానికి అమ్మాయిలు సిగ్గుపడతారు. తల్లి ముందే అడిగి, ఆ రోజులు దాటాక చేయించాలి. దీనితోపాటు ప్రతిసారీ పిల్ల బీపీ కూడా చూడాలి. పట్టీ పిల్ల చేతికి సరిపోయే సైజుదై ఉండాలి.

బయాప్సీ అంటే భయమెందుకు?

కిడ్నీ ముక్క తీస్తారంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. నిజానికి తీసేది సన్నని దారంలాంటి చిన్న ముక్క. స్కానింగ్‌లో చూస్తూ సూదితో తీస్తారు. ముందుగా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు, బీపీ సరిచూస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోబెడతారు. ఒకటి రెండు సార్లు మూత్రంలో రక్తం కనిపించొచ్చు. పెద్ద రక్తస్రావం అరుదు.

ఇంత ఎందుకంటే, రక్తపరీక్షలు ఏవీ కిడ్నీ లోపల దెబ్బ ఏ రకమో చెప్పలేవు. బయాప్సీ చెబుతుంది. లూపస్ నెఫ్రైటిస్‌ను ఆరు తరగతులుగా విభజించారు. మొదటి రెండూ తేలికవి. 3, 4 తరగతులు తీవ్రమైనవి, గట్టి వైద్యం కావాలి. ఐదోదానిలో ప్రోటీను ఎక్కువగా పోతుంది. ఆరోదానిలో జల్లెడలు చాలావరకు గట్టిపడి మచ్చలుగా మారిపోయి ఉంటాయి. రక్తపరీక్షలు దాదాపు ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లల్లో తరగతులు వేరుగా ఉండొచ్చు, వైద్యం కూడా వేరుగా ఉండొచ్చు. 2019లో యూరప్, అమెరికా కీళ్ల వైద్య సంఘాలు కలిసి తెచ్చిన లూపస్ ప్రమాణాల్లో మొత్తం 10 పాయింట్లు రావాలి. ఏఎన్‌ఏ పాజిటివ్ ఉన్న వ్యక్తికి 3 లేదా 4 తరగతి బయాప్సీ ఒక్కటే ఆ 10 పాయింట్లు ఇచ్చేస్తుంది. బయాప్సీకి అంత బరువు ఉంది.

కొత్త సూచికలు

సూది గుచ్చకుండానే లోపలి సంగతి తెలిసే మార్గం కోసం పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించే పేరు ఎన్‌గాల్. కిడ్నీ గొట్టాలు దెబ్బతిన్నప్పుడు ఈ ప్రోటీను విడుదలవుతుంది. దీన్ని రక్తంలోనూ, మూత్రంలోనూ కొలవొచ్చు. పిల్లల లూపస్‌లో మూత్రంలోని ఎన్‌గాల్ ఎక్కువ ఆశ చూపించింది. రక్తంలోని ఎన్‌గాల్ ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి దాన్ని కిడ్నీకే ముడిపెట్టడం కష్టం. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఎన్‌గాల్‌తో సహా మూత్రంలోని ఆరు ప్రోటీన్లను కలిపి రెయిల్ అనే కొలమానం తయారు చేశారు. సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీను మీద తయారయ్యే యాంటీబాడీలు కూడా కిడ్నీ జబ్బుతో ముడిపడి ఉంటాయి. ఇవేవీ ఇప్పటికైతే బయాప్సీకి బదులు కావు.

రక్తం ఇచ్చే ముందు

ముందురోజు రాత్రి దావత్‌లో హలీమో, మటన్ బిర్యానీయో గట్టిగా తిని పొద్దున్నే రక్తం ఇస్తే క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా చూపిస్తుంది. వండిన మాంసంలో కూడా అది ఉంటుంది కాబట్టి. పరీక్షకు ముందురోజు మాంసం మితంగా పెడితే అనవసర కంగారు ఉండదు.

కీళ్ల నొప్పులకు మెడికల్ షాపులో దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి మాత్రలు డాక్టర్‌ను అడగకుండా వేయకూడదు. దెబ్బతిన్న కిడ్నీకి అవి మరో దెబ్బ. పసర్లు, పేరు తెలియని పొడులు కూడా అంతే.

రంజాన్‌లో కాస్త పెద్దపిల్లలు తామూ రోజా ఉంటామని పట్టుబడతారు. కిడ్నీ జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు గంటల తరబడి నీళ్లు లేకుండా ఉంటే వడపోత తగ్గుతుంది. 12 గంటలకోసారి వేయాల్సిన మందుల వేళలు తప్పుతాయి. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. జబ్బుతో ఉన్నవారికి రోజా నుంచి మినహాయింపు ఉందని పిల్లకు ప్రేమగా చెప్పాలి. ఇంట్లో పెద్దలు చెబితే ఆ మాటకు విలువ ఎక్కువ.

ఒక ఫైలు, కొన్ని ప్రశ్నలు

లూపస్ నెఫ్రైటిస్‌కు ఈరోజు మంచి మందులున్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ దాదాపు అందరికీ ఇస్తారు. దాని కోసం కంటి పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. స్టెరాయిడ్లు, మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ అవసరాన్ని బట్టి ఇస్తారు. బెలిముమాబ్‌ను అమెరికాలో 2022లో ఐదేళ్లు దాటిన పిల్లల నెఫ్రైటిస్‌కు కూడా అనుమతించారు. వైద్యం ఎంత తొందరగా మొదలైతే కిడ్నీ అంత మిగులుతుంది. ముఖం ఉబ్బుతోందనో, పిల్ల బాగైపోయిందనో మందు మధ్యలో మానేయడమే చాలామంది విషయంలో జబ్బు తిరగబెట్టడానికి దారి తీస్తుంది.

తల్లిదండ్రులు చేయగలిగింది పెద్ద కష్టమైనదేమీ కాదు. ఒక ఫైలు పెట్టుకోవాలి. మొదటి పేజీలో తేదీ, ఎత్తు, బరువు, బీపీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, సీ3, సీ4, డీఎస్‌డీఎన్‌ఏ, మూత్రంలో ప్రోటీను నిష్పత్తి అని గడులు గీసుకుని ప్రతిసారీ నింపాలి. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కొన్ని వారాలకోసారి, నెమ్మదించాక సాధారణంగా మూడు నెలలకోసారి పరీక్షలు ఉంటాయి. ఆసుపత్రి మారినా, డాక్టర్ మారినా ఆ ఒక్క పేజీ చూస్తే పిల్ల కథంతా తెలిసిపోతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అడగాల్సినవి మూడే. మా పాప ఎత్తుకు ఈ క్రియాటినిన్ సరైనదేనా? సీ3, సీ4 పోయినసారి కంటే పెరిగాయా, తగ్గాయా? మూత్రంలో ప్రోటీను ఎంత పోతోంది? ఈ ప్రశ్నలకు ఏ డాక్టరూ విసుక్కోరు, అడగడం తల్లిదండ్రుల హక్కు కూడా.

0.9 వచ్చిన ఆ పాప ఇంట్లో ఎవరైనా మొదటి ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే చాలు, ఎత్తు కొలవడానికి గోడ పక్కన నిలబెడితే పట్టేది ఒక నిమిషం.